రెపరెపలాడే గెలాక్సీలు

క్రీ.శ. 964లో అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ తన నక్షత్ర గ్రంథంలో ఒక ‘చిన్న మేఘాన్ని’ పేర్కొన్నారు. ఇస్ఫహాన్ ఆకాశంలో ఆయనకు కనిపించిన ఆ మసక మరకను, దీపాలు తక్కువగా ఉన్న పల్లెలో, చంద్రుడు లేని రాత్రి డాబా మీది నుంచి నేటికీ మనం చూడవచ్చు. అది మేఘం కాదనీ, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా అనే గెలాక్సీ అనీ తేలడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. వెయ్యి సంవత్సరాలు గడిచినా ఆ మరక మరకగానే ఉంది. ఒక మనిషి జీవితకాలంలో దాని మొత్తం వెలుగు చెప్పుకోదగినంత పెరగదు, తరగదు.

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. రాత్రివేళ కొండ మీది నుంచి ఒక పెద్ద పట్టణాన్ని చూస్తున్నామనుకుందాం. ఒక ఇంట్లో దీపం ఆర్పుతారు, మరో ఇంట్లో వెలిగిస్తారు. దూరం నుంచి చూసేవారికి ఆ తేడా తెలియదు, పట్టణపు వెలుగు అంతే ఉంటుంది. గెలాక్సీలో ఉన్నది వేల దీపాలు కాదు, వేల కోట్ల నక్షత్రాలు. అవన్నీ కూడబలుక్కుని ఒకేసారి వెలగడం, ఒకేసారి మసకబారడం జరిగే పని కాదు. ఎప్పుడైనా పట్టణపు వెలుగు మొత్తం ఒక వారంలో రెట్టింపై, మరుసటి వారంలో సగానికి పడిపోతే, మనం ఒకే ఒక నిర్ణయానికి రావలసి ఉంటుంది. ఇళ్లలోని దీపాలన్నిటినీ కలిపినా సరితూగని మహాదీపం ఒకటి ఆ ఊరి నడుమ ఉన్నది. రెపరెపలాడుతున్నది అదే.

అటువంటి మహాదీపాలు గల గెలాక్సీలను క్రియాశీల గెలాక్సీలు అంటారు. వాటి వెలుగులో వచ్చే హెచ్చుతగ్గుల గురించే ఈ నెల మేము రాయదలచుకున్నాం. కంటికి ఎన్నడూ అందని చోటును, అక్కడి వెలుగు ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది అన్న లెక్కతో కొలిచిన కథ ఇది.

కథ 1963లో మొదలైందనవచ్చు. కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు తయారుచేసిన మూడవ రేడియో పట్టికలో 273వ అంశం గనుక దానికి ‘3సి 273’ అని పేరు వచ్చింది. అది ఆకాశంలో సరిగ్గా ఎక్కడున్నదో 1962లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో దూరదర్శిని తేల్చింది. చంద్రబింబం దానికి అడ్డువచ్చినప్పుడు రేడియో శబ్దం ఏ క్షణాన ఆగింది, ఏ క్షణాన తిరిగి మొదలైంది అన్న లెక్కతో ఆ స్థానాన్ని కట్టారు. ఆ చోట కన్యారాశిలో ఒక సాధారణ నక్షత్రం వంటి చుక్క కనిపించింది. దాని వర్ణపటాన్ని పరిశీలించిన మార్టెన్ ష్మిట్, 1963 ఫిబ్రవరిలో, అందులోని వింత గీతలు మనకు తెలిసిన హైడ్రోజన్ గీతలేననీ, ఎరుపు వైపుకు సుమారు 16 శాతం జరిగి ఉన్నాయనీ గ్రహించారు. అంటే ఆ ‘నక్షత్రం’ రెండు వందల కోట్ల కాంతి సంవత్సరాలకు మించిన దూరంలో ఉన్నది. అంత దూరం నుంచి ఒక మోస్తరు దూరదర్శినికి అందుతున్నదంటే, అది మామూలు గెలాక్సీలను అనేక రెట్లు మించి వెలుగుతూ ఉండాలి. క్వేసార్ అనే మాట తరువాత పుట్టింది.

ఇక్కడ ఒక ప్రశ్న వచ్చింది. అంత వెలుగునిస్తున్న ఆ వస్తువు ఎంత పెద్దది? సమాధానం కొత్త దూరదర్శినులలో దొరకలేదు, పాత అలమరాలలో దొరికింది. అమెరికాలోని హార్వర్డ్ వేధశాల 1880ల నుంచి ఆకాశాన్ని గాజు పలకల మీద ఛాయాచిత్రాలుగా తీసి భద్రపరుస్తూ వచ్చింది. అక్కడ ఐదు లక్షలకు పైగా పలకలున్నాయి. వాటిని భూతద్దంతో పరిశీలించి, చుక్క చుక్కనూ లెక్కగట్టినవారిలో అధికులు స్త్రీలు. వారి పేర్లు చాలావరకు పుస్తకాలకెక్కలేదు, జీతాలూ స్వల్పమే. 3సి 273 పేరు ప్రపంచానికి తెలిసిన వెంటనే హార్లన్ స్మిత్, డోరిట్ హాఫ్లైట్ అనే ఇద్దరు ఆ పాత పలకలను తీసి, ఆ చుక్క ఏ సంవత్సరం ఎంత వెలిగిందో వరుసగా చూశారు. తీసినవారికి తెలియకుండానే దాని చిత్రం దశాబ్దాలుగా అక్కడ ఉన్నది. అది ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతూ తగ్గుతూ, కొన్నిసార్లు నెలల వ్యవధిలోనే మారుతూ వచ్చిందని తేలింది. హాఫ్లైట్ గారు 2007లో కన్నుమూసే నాటికి నూరేళ్లు నిండినవారు. నక్షత్రాల వెలుగు మార్పులే ఆమె జీవితకాలపు పని. హైదరాబాద్‌లోనూ, 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల, ప్రపంచ దేశాలు కలిసి తలపెట్టిన ఆకాశ పట్టికలో తన వంతు భాగానికి ఇటువంటి పలకలే తీసింది. పాత పలకను చెత్త అనుకోకుండా దాచడం ఎందుకో అడిగేవారికి 3సి 273 ఒక్కటే చాలు.

వెలుగు మారిన కాలాన్ని బట్టి వస్తువు పరిమాణం ఎలా తెలుస్తుంది? గుంటూరులో ఒక పెళ్లి విందు ఉన్నదనుకుందాం. తెనాలి నుంచి, విజయవాడ నుంచి, హైదరాబాద్ నుంచి బంధువులు ఒకే గంటకు బయలుదేరినా విందుకు ఒకేసారి చేరుకోరు. దగ్గరివారు ముందు, దూరపువారు ఎంతో ఆలస్యంగా వస్తారు. పది నిమిషాల వ్యవధిలోనే అందరూ గుమ్మంలోకి వచ్చేశారంటే, వారంతా ఒకే పేటవారని అర్థం. వెలుగుకూ ఇదే నియమం. ఒక వస్తువు అడ్డంగా ఒక కాంతి సంవత్సరం ఉంటే, దానిలో ప్రతి భాగమూ ఒకే క్షణంలో రెట్టింపుగా వెలిగినా, ఇవతలి అంచు వార్త మనకు ఈరోజు అందుతుంది, అవతలి అంచు వార్త వచ్చే సంవత్సరం. మనం చూసే పెరుగుదల సంవత్సరం పొడవునా సాగుతుంది. అదే నెలలో వెలుగు మారిందంటే, వెలిగే చోటు ఒక కాంతి నెల కన్నా పెద్దది కాజాలదు. లక్ష కాంతి సంవత్సరాల విస్తీర్ణం గల గెలాక్సీని మించి వెలుగుతున్నది, నెల రోజుల కాంతి ప్రయాణమంత చోటు! నక్షత్రాలను ఎంత ఒత్తుగా కుక్కినా అంత చోటులో అంత వెలుగు రాదు. లెక్కలు చివరకు కృష్ణబిలం వైపు దారితీశాయి. సూర్యుడికి కోట్ల రెట్ల బరువున్న కృష్ణబిలంలోకి జారిపడే వాయువు, పడేముందు సుడులు తిరుగుతూ, రాపిడితో కాగి, పళ్లెం వంటి చక్రంగా ఏర్పడి వెలుగుతుంది. ఆ పళ్లెమే మన మహాదీపం.

ఈ పొరపాటు ఎంత సులువుగా జరుగుతుందో చూపే మరో ఉదాహరణ ఉన్నది. 1929లో జర్మన్ ఖగోళవేత్త కూనో హాఫ్‌మైస్టర్ బల్లి పేరు గల లాసెర్టా రాశిలో వెలుగు మారే నక్షత్రాన్ని ఒకదాన్ని కనుగొన్నారు. నియమం ప్రకారం దానికి ‘బీఎల్ లాసెర్టే’ అనే చర నక్షత్రపు పేరు పెట్టారు. దాదాపు నలభై ఏళ్లపాటు అది నక్షత్రంగానే చలామణి అయింది. 1968లో అక్కడి నుంచి రేడియో తరంగాలు వస్తున్నాయని గుర్తించాక గాని అది నక్షత్రం కాదన్న అనుమానం రాలేదు. నేడు ఆ జాతి గెలాక్సీలన్నిటికీ దాని పేరే. వాటి సంగతి తరువాత.

ఇంతవరకు మనం వెలుగు అంటే కంటికి కనిపించే వెలుగునే తలచుకున్నాం. వెలుగు చాలా పెద్ద కుటుంబం. కంటికి అందేది అందులో ఒక చిన్న గది మాత్రమే. రేడియో తరంగాలు, పరారుణ కిరణాలు ఒక పక్కన, అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు మరో పక్కన. తేడా తరంగదైర్ఘ్యంలోనే. ఎంత వేడి వస్తువు నుంచి వస్తే సాధారణంగా అంత పొట్టి తరంగం. కొలిమిలో ఇనుము మొదట ఎర్రగా, మరింత కాగితే తెల్లగా మెరవడం మనకు తెలిసిందే. కృష్ణబిలం చుట్టూ తిరిగే పళ్లెంలోనూ లోపలి అంచు అత్యంత వేడిగా ఉండి అతినీలలోహితాన్ని, వెలుపలి భాగాలు కాస్త చల్లబడి నీలి, ఎరుపు వెలుగులను ఇస్తాయి. కృష్ణబిలానికి అతి సమీపంలో, పళ్లెం కన్నా ఎన్నో రెట్లు వేడెక్కిన పలుచని వాయువు నుంచి ఎక్స్ కిరణాలు వస్తాయి. పళ్లెం బయట వేగంగా తిరిగే వాయు మేఘాలున్నాయి, అవి వర్ణపటంలో వెడల్పాటి గీతలుగా కనిపిస్తాయి. వాటికీ అవతల ధూళి, అది వేడెక్కి పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. ఒక్కొక్క రంగు ఒక్కొక్క వాడ చిరునామా అన్నమాట. ఏ రంగు ఎప్పుడు మారిందో తెలిస్తే, ఏ వాడకు వార్త ఎప్పుడు చేరిందో తెలుస్తుంది.

భూతేశ రాశిలో, సుమారు 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఎన్‌జీసీ 5548 అనే గెలాక్సీ ఉన్నది. 1988 డిసెంబరు నుంచి 1989 ఆగస్టు వరకు, ఐయూఈ అనే ఉపగ్రహం నాలుగు రోజులకొకసారి దాని అతినీలలోహిత వెలుగును కొలిచింది. అదే కాలంలో భూమి మీది అనేక దూరదర్శినులు దాని కనిపించే వెలుగును కొలిచాయి. ఎనిమిది నెలలపాటు ఒకే గెలాక్సీని చూడటం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. ఒక్కొక్క రాత్రి కోసం ఖగోళవేత్తలు పోటీపడే కాలమది. ఫలితం వారి ఓపికకు తగినదే అయింది. నడుమ దీపం పెరిగినప్పుడు మేఘాల గీతలు కూడా పెరిగాయి, కానీ ఆలస్యంగా. హీలియం గీతలు ముందు స్పందించాయి. హైడ్రోజన్ గీత సుమారు 20 రోజుల తరువాత స్పందించింది.

కొండకు ఎదురుగా నిలబడి కేక వేస్తే ప్రతిధ్వని రెండు సెకన్లకు వినిపించిందనుకుందాం. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది గనుక కొండ 340 మీటర్ల దూరంలో ఉన్నదని చెప్పగలం. ఎన్‌జీసీ 5548లో జరిగింది కాంతి ప్రతిధ్వని. దీపపు వెలుగు కొంత నేరుగా మనకు బయలుదేరింది. కొంత ముందుగా మేఘాల వద్దకు వెళ్లి, వాటిని వెలిగించింది. ఆ వెలుగు తరువాత మన వైపు వచ్చింది. 20 రోజుల ఆలస్యమంటే ఆ హైడ్రోజన్ మేఘాలు దీపానికి సుమారు 20 కాంతి దినాల దూరంలో, అంటే 52 వేల కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. వినడానికి చాలా పెద్ద సంఖ్య. అయినా ఇక్కడి నుంచి చూస్తే అది లక్ష కిలోమీటర్ల దూరాన ఉంచిన రూపాయి బిళ్ళంత. ఆనాడు ఏ దూరదర్శినీ దాన్ని విడదీసి చూడలేదు. గడియారం చూడగలిగింది.

దూరం తెలిశాక బరువు కూడా తెలిసింది. గీతల వెడల్పు మేఘాల వేగాన్ని చెబుతుంది, అవి సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాయి. అంత దూరంలో, అంత వేగంతో తిరిగేవాటిని పట్టి ఉంచాలంటే నడుమ ఎంత బరువుండాలో లెక్క కట్టవచ్చు. ఐదారు కోట్ల సూర్యుళ్లంత అని వచ్చింది. దూరపు గెలాక్సీలలో కృష్ణబిలాలను తూచడానికి నేడు వాడుతున్న తక్కెడలో పునాదిరాయి ఈ ఆలస్యపు లెక్కే. ధూళి నుంచి వచ్చే పరారుణ వెలుగు మరింత ఆలస్యంగా, సుమారు నెలన్నర తరువాత స్పందిస్తుందని కూడా తదుపరి కొలతలలో తేలింది. వాడలన్నీ వరుసలో ఉన్నాయి.

కొలత సరైనదేనా అన్న సందేహం ఎవరికైనా వస్తుంది, రావాలి కూడా. దానికి జవాబు మళ్లీ 3సి 273లోనే దొరికింది. చిలీ దేశంలోని పరనాల్ కొండ మీద నాలుగు పెద్ద దూరదర్శినుల వెలుగును ఒకటిగా కలిపి, 2018లో ఐరోపా శాస్త్రవేత్తలు ఆ క్వేసార్ మేఘాల విస్తృతిని నేరుగా కొలిచారు. దాదాపు 150 కాంతి దినాలని వచ్చింది. మరుసటి ఏడాది, పదేళ్ల పరిశీలనను క్రోడీకరించి వేరొక బృందం కట్టిన ఆలస్యపు లెక్క కూడా దాదాపు అంతే చెప్పింది.

ఇక్కడితో ఆపితే అన్నీ సజావుగా ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ 2014లో ఎన్‌జీసీ 5548 మీదికే శాస్త్రవేత్తలు మరింత పెద్ద సన్నాహంతో తిరిగి వెళ్లారు. ఫిబ్రవరి నుంచి జూలై వరకు హబుల్ దాదాపు ప్రతిరోజూ దాన్ని చూసింది. స్విఫ్ట్ ఉపగ్రహం ఎక్స్ కిరణాలను, అతినీలలోహితాన్ని కలిపి కొలిచింది, భూమి మీది దూరదర్శినులు మిగిలిన రంగులను పంచుకున్నాయి. పళ్లెంలోని రంగుల మధ్య ఆలస్యం ఈసారి స్పష్టంగా దొరికింది. అతినీలలోహితం ముందు, నీలం తరువాత, ఎరుపు ఆ తరువాత, ఒకటి నుంచి మూడు రోజుల తేడాతో. వరుస సిద్ధాంతం చెప్పినట్టే ఉన్నది. కొలతే కుదరలేదు. పళ్లెం ఉండవలసిన దానికంటే సుమారు మూడు రెట్లు పెద్దదిగా కనిపించింది. ఎక్స్ కిరణాలే అసలు దీపమనీ, పళ్లెం వాటి వెలుగును అందుకుని మారుతుందనీ అనుకున్నవారికి మరో చిక్కు. ఎక్స్ కిరణాల హెచ్చుతగ్గులకూ అతినీలలోహితపు హెచ్చుతగ్గులకూ పొంతన అనుకున్నంత గట్టిగా లేదు. పళ్లెం కాక, చుట్టూ ఉన్న వాయువు కూడా తన మసక వెలుగును ఆలస్యంగా కలిపి లెక్కను చెడగొడుతున్నదని కొందరి వాదన. మాకూ అదే ఎక్కువ సబబుగా తోస్తున్నది, ఎందుకంటే ఆ వాయువు ఎక్కడ ఎక్కువ వెలగాలో, ఆ రంగులోనే ఆలస్యమూ అదనంగా కనిపించింది.

అంతకన్నా వింత మరొకటి. ఆ ఆరు నెలల నడుమ, సుమారు రెండు నెలలపాటు, మేఘాలు దీపాన్ని లెక్కచేయడం మానేశాయి! దీపం పెరిగినా గీతలు పెరగలేదు. పాతికేళ్లుగా నమ్ముకున్న ప్రతిధ్వని పలకలేదు. శాస్త్రవేత్తలు దాన్ని సరదాగా మేఘాల ‘సెలవు’ అన్నారు. పళ్లెం నుంచి ఎగిసిన వాయుప్రవాహం దీపానికీ మేఘాలకూ మధ్య తెరలా అడ్డువచ్చి ఉంటుందని ఒక వివరణ. మనకు కనిపించిన వెలుగు వేరు, మేఘాలకు అందిన వెలుగు వేరు అయిందన్నమాట.

ఇప్పుడు బీఎల్ లాసెర్టే జాతి సంగతి. కొన్ని గెలాక్సీల నడుమ నుంచి దాదాపు కాంతివేగంతో ఒక పిచికారీ వెలువడుతుంది. అది సరిగ్గా మన వైపు తిరిగి ఉన్నవాటిని బ్లేజార్లు అంటారు. 2006 జూలైలో, ఆఫ్రికాలోని నమీబియా ఎడారి దేశంలో ఉన్న హెస్ దూరదర్శినులు, పీకేఎస్ 2155-304 అనే బ్లేజార్ నుంచి వచ్చే గామా కిరణాలు మూడు నాలుగు నిమిషాలలోనే రెట్టింపవడం గమనించాయి. ఆ కృష్ణబిలం బరువు వంద కోట్ల సూర్యుళ్లంత అని అంచనా. అంత కృష్ణబిలాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు దాటడానికే కాంతికి గంటలు పడుతుంది. నిమిషాలలో మారే వెలుగు అందులోని ఎంత చిన్న మూల నుంచి వచ్చి ఉండాలి? మన మీదికి దూసుకువస్తున్న వేగం వల్ల కాలం కుదించుకుపోయి కనిపిస్తుందన్నది సమాధానంలో ఒక భాగం. అదొక్కటే చాలదు. పిచికారీలో రంగుల వరుస కూడా పళ్లెంలోని వరుస వంటిది కాదు. 1983లో 3సి 273లో చెలరేగిన మంట ముందు పొట్టి తరంగాలలో కనిపించి, నెలలు గడిచేకొద్దీ పొడవాటి రేడియో తరంగాల వైపు జరిగింది. పిచికారీలో పరుగెత్తే అలజడి విస్తరిస్తూ పలుచబడటమే దానికి కారణమని చెబుతారు.

అందుకే ఒక రంగులో చూసి మరో రంగును తరువాత చూద్దామంటే కుదరదు. మంగళవారం ఎక్స్ కిరణాలను, పై నెల అతినీలలోహితాన్ని కొలిస్తే, ఎవరు ముందో ఎవరు వెనకో ఎలా తెలుస్తుంది? ఈ అవసరాన్ని దృష్టిలో ఉంచుకుని రూపొందినదే భారతదేశపు ఆస్ట్రోశాట్. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ సీ30 దాన్ని మోసుకెళ్లింది. 38 సెంటీమీటర్ల అతినీలలోహిత దూరదర్శినుల జంటా, వేర్వేరు శక్తుల ఎక్స్ కిరణాలను కొలిచే పరికరాలూ ఒకే చట్రానికి బిగించి ఉన్నాయి. అవి ఒకే వస్తువు వైపు ఒకేసారి తిరుగుతాయి. రెండు వాడల కబురు ఒకే గడియారంతో అందుతుంది. రాకెట్ పొగను చూడటానికి పులికాట్ ఒడ్డుకు వెళ్లే మన పిల్లలకు ఆ రోజు పైకి వెళ్లింది ఏమిటో ఎవరైనా చెప్పారో లేదో.

ఎన్‌జీసీ 5548 పెట్టిన చిక్కును విప్పాలని శాస్త్రవేత్తలు 2020 చివరలో మార్కేరియన్ 817 అనే మరో గెలాక్సీని ఎంచుకున్నారు. ఎంచుకోవడానికి ఒక ముఖ్య కారణం, దాని దీపానికి అడ్డంగా ఏ తెరా లేదని పాత పరిశీలనలు చెప్పడం. హబుల్, స్విఫ్ట్, ఇంకా భూమి మీది దూరదర్శినులు వరుసలు సిద్ధం చేసుకుని చూడటం మొదలుపెట్టాయి. తీరా చూస్తే ఎక్స్ కిరణాలు మునుపటి కన్నా బాగా మసకబారి ఉన్నాయి. దీపానికి అతి సమీపంలో, మునుపెన్నడూ లేని వాయువు తెర ఒకటి వచ్చి నిలిచింది. ఈ గెలాక్సీలోనూ మేఘాల ప్రతిధ్వని మందగించింది. పరిశీలనను ఆపలేదు. తెర ఉన్నప్పుడు ఆలస్యమెంత, తెర పలచబడినప్పుడు ఎంత అని రోజు రోజూ రాసుకుంటూ పోయారు.